మా బండికి పెట్టిన ఖురాకు

రాసుకో స్వాతీ. నేను ఎట్ల చెప్తే గట్ల రాయి, మీ కాలేజి తెలుగు తెచ్చి దాంట్ల కలుపకు. నాకు చదువు లేదు. సంతకం ఒక్కటే వస్తది, అది గూడ మీ అమ్మ నేర్పిందే. గొంతు గూడ బొంగురు, అర్థం కాని కాడ మళ్ల అడుగు. మీ అన్న మహేశ్ ఇప్పుడే సైకిల్ మోటర్ మీద వాని దోస్తు సంతోష్ వ్యాను ఎనుక ఉరికిండు. ఆ సంతోష్ పొద్దుగాల్నే కంగ్టి దిక్కు కూలోళ్లను ఎక్కించుకొని పట్నం తొవ్వ పట్టిండు. వాని వ్యానుల ఉన్నది మామూలు పెట్రోలు కాదు, రేసు కార్లకు పోసేటిది. మీ అన్ననే ఇచ్చిండు. వాడేమో బండి తోలుకుంట ఫోన్ ఎత్తడు. మహేశ్ వాణ్ణి అందుకున్నడా లేదా అని కబురు వచ్చేదాక నాకు ఒక్కకాడ కూసునుడు అయితలేదు. అందుకే చెప్తున్న. ఇన్నేండ్లు చెప్పలే. మీ తాత యాక్సిడెంటుల పోయిండు అని మాత్రం మీకెరుక. యాక్సిడెంటు అంటే ఒక్క గడియల అయిపోయేటిది. మాది ఒక్క గడియల కాలే. మా ఇంట్లనే, మా అందరి కండ్ల ముంగటనే, దినాం కొంత కొంత అయింది.

పొద్దుగాల నేను గడప మీద కూసోని చాయ్ తాగుతున్న. మహేశ్ వాకిట్ల కారు కడిగి, డిక్కీలకెళ్లి ఒక ఇనుప డబ్బ తీసిండు. మూత తిప్పంగనే ఆ వాసన వచ్చింది. ముందుగాల తియ్యగ వస్తది, మాగి మెత్తవడ్డ పండు లెక్క. దాని ఎనుకనే దవాఖానల సూది గుచ్చేటప్పుడు దూదితోని రుద్దే స్పిరిట్ లెక్క ముక్కుల గుచ్చుతది. ఇన్నేండ్ల సంది ఆ వాసన నేను యాడ సూడలే. గిలాస చేతిలకెళ్లి జారింది, ఒళ్లంత చాయ్ వడ్డది.

"ఏందిరా అది?" అన్న.

"పెట్రోలు, అమ్మమ్మా."

"పెట్రోలు వాసన నాకెరుక లేదా? గిది ఏం పెట్రోలు?"

"రేసుది. పట్నంల రేసు కార్లు తిప్పేకాడ మా దోస్తు పనిచేస్తడు, ఆడికెళ్లి తెచ్చిన. మన పంపుల పోసేటిది దీని ముంగట నీళ్ల మజ్జిగనే. మొన్నటిసంది జరజర పోస్తున్న. బండి పులి లెక్క ఉరుకుతుంది సూడు."

పులి లెక్క. గా మాట ఇనంగనే లేచి పోయి కారు తలుపు తీసి చూసిన. స్టీరింగు ముంగట, మీటర్ల అద్దం మీద ఓ మూలకు నల్లగళ్లు తెల్లగళ్ల స్టిక్కరు అంటిచ్చి ఉంది. తాళం తిప్పుమన్న. స్టిక్కరు అంచులకెళ్లి పసుపుపచ్చగ వెలుతురు కనవడ్డది. గోరుతోని లేపి సూస్తే దాని కింద ఒక లైటు బుగ్గ వెలుగుతుంది.

"గిదేందిరా?"

"గదేం లే. సెన్సారుది. ఊకె వెలిగి సతాయిస్తుందని స్టిక్కరు ఏసిన."

నేను పోయి డ్రైవరు పక్క సీట్ల కూసున్న. తాళంచెవి పీకి కొంగుకు కట్టుకున్న. వానికేమో పెండ్లి కిరాయి ఉంది, జహీరాబాద్ పోవాలె. "దిగు అమ్మమ్మా, పెండ్లోళ్లు ఫోన్ మీద ఫోన్ కొడుతుండ్రు" అంటడు. "నేను గూడ వస్త" అన్న. "నిన్నెవలు పిలిచిండ్రు పెండ్లికి?" అని నవ్విండు. "నువ్వు కాలితే నీతోని నేను గూడ కాలుత, నడువు" అన్న. అప్పుడు నవ్వు ఆగింది. నేను నాలుగు ముక్కలల్ల సంగతి చెప్పిన, ఇంత గూడ కాదు. వాడు నిలవడ్డకాడనే నిలవడి, "సగం డబ్బ సంతోష్‌గానికిచ్చిన అమ్మమ్మా. పొద్దుగాల్నే పోసుకొని పోయిండు" అన్నడు. నాలుగు సార్లు ఫోన్ కొట్టిండు. ఎత్తలే. పక్కింటోళ్ల సైకిల్ మోటర్ అడిగి గుంజుకొని పోయిండు. అగో, గప్పటిసంది నేను నీకు చెప్తున్న, నువ్వు రాస్తున్నవు.

మా మామ, మీ తాతకు నాయన, పేరు వీరప్ప. మాది కన్నడం మాట్లాడే ఇల్లు. ఇంట్ల అత్తతోని కన్నడం, బజార్ల తెలుగు, కచేరీల ఉర్దూ. ఆయన జన్మమంత ఎడ్లతోనే గడిచింది. ఎడ్ల పందాలకు ఈ దిక్కు ఆయన జోడి వస్తుందంటే మనుషులు దడి కట్టి నిలవడేటోళ్లంట. ఆయనకు ఒక్కటే విద్దె ఎరుక, ఖురాకు. ఖురాకు అంటే ఒట్టి మేత కాదు. పందెం ఉన్నదనంగ నెల రోజుల ముందు మొదలు పెట్టాలె. కుసుమ నూనెల కోడిగుడ్లు కొట్టి, బెల్లం కలిపి, వెదురు గొట్టంల పోసి, ఎద్దు నాలుక పక్కకు పట్టి గొంతుల పోస్తడు. మొదటి దినం ఇంత. తెల్లారి ఇంకింత. ఒక్కసారే పోస్తే ఎద్దు పారుకుంటది, కొద్దికొద్దిగ అలవాటు చేస్తే రాయి పెట్టిన అరగదీస్తది అనేటోడు. ఆ గొంతు పట్టుకున్నప్పుడు ఆయన చేతులు సూడాలె. పసిపిల్లకు పాలు పోస్తున్నట్టే ఉంటయి.

గసుంటాయన కారు కొన్నడు. అప్పుడు నారాయణఖేడ్‌ల బస్సులు తక్కువ, దవాఖానకు పోవాలన్నా పెండ్లికి పోవాలన్నా కిరాయి కారే. పాత పెట్రోలు కారు, బొద్దుగ, ముంగట రెండు లైట్లు ఎద్దు కండ్ల లెక్క. నడిపేటిది మా ఆయన, మీ తాతనే. మామకు నడుపుడు రాదు, నేర్చుకోలే. కానీ కారు ఆయనదే. దాన్ని ఎడ్ల కొట్టంలనే, ఎడ్ల పక్కకు, ఎడ్ల దిక్కు మూతి పెట్టి నిలవెట్టిపిచ్చేటోడు. "ఇది నా మూడో ఎద్దు" అనేటోడు. పొద్దుగాల లేస్తే ముందుగాల ఎడ్లకు విభూతి, ఎనుక కారుకు విభూతి, మూడు పట్టెలు. ఎడ్ల పండుగకు కొమ్ములకు రంగేసిన కుంచెతోనే కారు చక్రాల నడుమ రంగు ఏసేటోడు. మా అత్త చేసిన పోలె, అదే బొబ్బట్టు, ఒకటి బానెట్ మీద పెట్టేటోడు. అదేమో ఎద్దు నాకిపోయేది. ఊరోళ్లు నవ్వుతుండ్రి. ఆయనకేం సిగ్గు లేదు.

ఆ ఇంటికి నేను కొత్త కోడలిగ వచ్చినప్పుడు, తెల్లారే జాముల నాకు మెలకువ తెచ్చేటిది జొన్న రొట్టె చప్పుడు. మా అత్త రొట్టె కొడుతుంటే ఇల్లంత దాని మోతనే. కట్టెల పొగ, కుసుమ నూనెల ఎల్లిపాయ వేగే వాసన, కొట్టంలకెళ్లి పెండ వాసన, దాంట్ల కలిసి జర పెట్రోలు వాసన. నాకు మా ఆయన అంటే ఆ నాలుగు వాసనలే. ఆయన ఎక్కువ మాట్లాడేటోడు కాదు. నాయన ముంగట అసలుకే నోరు తెరవకపోయేటోడు. రాత్రి అన్నం కాడ మాత్రం నాకు ఆ దినం బండిల ఎవరెవరు ఎక్కిండ్రు, ఏమేం మాట్లాడుకున్నరు, ఎవలు ఎవల్ని తిట్టిండ్రు, అన్ని చెప్పి నవ్విస్తుండె. ఇంట్ల కూసొని ఊరంత తిరిగినట్టు ఉండేది నాకు.

ఒక దినం పట్నం సాబు ఒకాయన కారు మా వాకిలి ముంగట చెడిపోయింది. పొట్టి కారు, నేలకు ఆనుకొని ఉంటది, పక్కలకు నంబర్లు రాసి ఉన్నయి. రేసులు ఆడేటోడంట. మద్రాసు దిక్కు నుంచి వచ్చి యాడికో పోతున్నడు. రెండు దినాలు మా ఇంట్లనే ఉన్నడు. మా అత్త రొట్టె, పుండికూర తిని, "అమ్మా, గిసుంటిది జన్మల తినలే" అని చేతులు నాకిండు. పోయేటప్పుడు ఆయన కారును లారి మీద ఎక్కిచ్చిండ్రు. డిక్కీల ఉన్న పెద్ద డబ్బ ఒకటి దించి మా మామకు ఇచ్చిండు. "చాచా, గిది రేసు బండ్ల పెట్రోలు. లారి మీద పెట్టి కొంటవోతే ఖతరా. మెకానిక్‌కు ఇస్తే సామాన్లు కడుక్కుంటడు. మీ కారుకు మాత్రం పొయ్యకుండ్రి" అన్నడు.

మా మామ అడిగిండు, "ఎందుకు పొయ్యొద్దు?"

ఆ సాబు నవ్వి, "తుమారీ గాడీకో హజం నై హోతా చాచా" అన్నడు. మీ బండికి అరగదు అని. రబ్బరు గొట్టాలు మెత్తవడుతయి, ఇంజను దీనికోసం చేసింది కాదు అని గూడ చెప్పిండు, నేను దర్వాజ ఎనుక నిలవడి ఇన్న. కానీ మా మామ చెవిల ఆ ముందటి మాట ఒక్కటే వడ్డది. ఎడ్లు సాదినోనికి నీ ఎద్దు అరిగించుకోలేదు అంటే తల్లికి నీ పిల్ల కుంటిది అన్నట్టే. ఆయన మొఖం ఎర్రగయింది. లారి కదిలి పోయినంక డబ్బను రెండు చేతుల లేపి కొట్టంలకు కొంటవోయి గడ్డివాము పక్కకు పెట్టిండు. "నా మూడోదానికి అరగదంట. సూద్దాం" అన్నడు.

తెల్లారినసంది ఖురాకు మొదలైంది. మా ఆయన లేవకముందే, చీకటి విడువకముందే మామ కొట్టంలకు పోయేటోడు. ఇత్తడి చెంబుల ఆ పెట్రోలు కొంచెం వంచి, ట్యాంకు మూత తీసి, ఎడమ చెయ్యి కారు వీపు మీద పెట్టి, బుజ్జగిచ్చుకుంట పోసేటోడు. "తాగు కొడకా, తాగు." మొదటి దినం ఇంత. తెల్లారి ఇంకింత. ఎద్దుకు చేసినట్టే అలవాటు చేస్తుండు. ఒక్కసారే పోస్తేనే చేటు, కొద్దికొద్దిగ పోస్తే ఏదైన వంటవడుతది అని ఆయన లెక్క. ఆ లెక్క ఎద్దు కాడ ఎన్నడు తప్పలే. అందుకే ఆయనకు జర గూడ అనుమానం రాలే.

ఆయన ఊరంత తిరిగి చెప్పుకునేటోడు, బండి పులి లెక్క ఉరుకుతుందని. చాయ్ హోటల్ కాడ మనుషులను నిలవెట్టి, "ఇంజను చప్పుడు ఇనుండ్రి, గుర్రుమంటుంది" అనేటోడు. నేను మా ఆయనను అడిగిన, నిజంగనే జోరుగ పోతుందా అని. "ఎప్పటిలెక్కనే ఉంది. ఏం ఫరక్ లేదు. పొద్దుగాల స్టార్టు చేస్తే జర దగ్గుతుంది, అంతే. నాయన కాడ అనకు, ఆయనకు మస్తు సంబురంగ ఉంది" అన్నడు.

కొట్టంల మాత్రం ఏదో మారింది. ఎడ్లు రెండు తాళ్లు గుంజుకొని కారుకు ఎడంగ, గోడకు ఒదిగి నిలవడుతుండె. మేత సగం ఇడిచిపెడుతుండె. మా అత్త, "ఏమయ్యా, ఇవి భయపడుతున్నయి, ఆ డబ్బ బయట పారేయి" అని మొత్తుకుంది. మామ నవ్వి, "భయం కాదే పిచ్చిదానా, ఈర్ష్య. దానికి పెట్టి వాటికి పెట్టకపోతిమి" అన్నడు. కొట్టంల గుడ్లు పెట్టే కోళ్లు పోయి మా వంటింట్ల పెట్టుడు మొదలువెట్టినయి. మామ ధోతి నేను ఉతికేదాన్ని. ఒకనాడు ఆ పెట్రోలు వడ్డ ధోతి పిండితే నా చేతులు ముగ్గు పూసినట్టు తెల్లగయి, సాయంత్రానికి తోలు పగిలింది. మా అత్త వెన్న రాసి, మొగని దిక్కు సూసింది.

ఒకనాడు కొట్టం ఊడుస్తుంటే ఆ డబ్బ మూత కింద వడి ఉంది. చేతిలకు తీసుకున్న. దాని లోపట రబ్బరు చుట్టు ఉంటది సూడు, కారకుండ, అది నానవెట్టిన శనగ లెక్క ఉబ్బి ఉంది. గోరు పెడితే జున్ను లెక్క దిగింది. నేను మా ఆయన తినేటప్పుడు దాన్ని చూపెట్టిన. "డబ్బ మూతకున్న రబ్బరే గిట్లయితే, బండి లోపట రబ్బర్లు లేవా?" అన్న. ఆయన బుక్క నోట్లనే ఉంచుకొని దాన్ని తిప్పితిప్పి సూసిండు. లేచి చెయ్యి గూడ కడుక్కోకుంట మామ కాడికి పోయిండు. నేను దర్వాజ కాడనే ఉన్న. ఆయన నాయన ముంగట నోరు తెరిచింది నేను చూసిన మొదటిసారి అదే.

"నాయనా, ఇగ పొయ్యకు. రబ్బరు కరుగుతుంది."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఇగో, కండ్లకు కనవడుతుంది గదా."

"డబ్బ రబ్బరు నాసిది. నా బండిది నాసిదా? నిన్న మొన్న వచ్చిన కోడలు బండి సంగతి చెప్తుంటే నువ్వు ఇనుకుంట వచ్చినవా? ఖురాకు నడుమ బంద్ వెడితే ఎద్దు కూలవడుతది. మొదలు వెట్టినంక పూర్తి చెయ్యాలె."

మా ఆయన తల వంచుకొని వచ్చిండు. మిగిలిన బుక్క తినలే.

శివరాత్రి దాటింది. ఎండలు ముదురుతున్నయి. మా ఆడిబిడ్డ రాచవ్వను కంగ్టి దిక్కు ఇచ్చిండ్రు, ఆమెకు నెలలు నిండినయి. ఒకనాడు పొద్దు ఎక్కినంక వాళ్ల ఊరాయన బస్సు దిగి ఉరుక్కుంట వచ్చి, నొప్పులు వస్తున్నయి గని బిడ్డ అడ్డం తిరిగిందంట, మంత్రసాని తనతోని కాదన్నదంట, ఖేడ్ దవాఖానకు జల్దీ తీసుకుపొమ్మన్నదంట అని చెప్పిండు. మీ అమ్మ అప్పుడు పాలు తాగే పిల్ల. పక్కింట్ల ఇచ్చి, నేను, అత్త కారెక్కినం. మామ ఉరికొచ్చి, డబ్బల మిగిలిందంత ట్యాంకుల వంచిండు. చెంబు గూడ లేదు ఆనాడు. "ఇయ్యాల్టి కోసమే దీన్ని సాదిన. ఉరుకు కొడకా" అని కారు వీపు మీద చరిసిండు. మా ఆయన "వద్దు నాయనా" అన్నడు. ఆ మాట పూర్తిగ బయటికి రాకముందే మూత పెట్టుడు అయిపోయింది.

పోయేటప్పుడు మంచిగనే పోయినం. రాచవ్వను ఎనుక సీట్ల పండవెట్టి, తల అత్త ఒడిల, కాళ్లు నా ఒడిల పెట్టి తిరుగుమొఖం అయినం. జర దూరం రాంగనే ఆ వాసన బండిల నిండింది. తియ్యగ. రాచవ్వ రెండు సార్లు కక్కింది. బండి దగ్గుడు మొదలువెట్టింది. మా ఆయన ఆపి, బానెట్ లేపి సూసిండు. నేను దిగి పోయిన. పెట్రోలు గొట్టం చెమట వట్టినట్టు తడిగుంది, చుక్క చుక్క కారుతుంది. ఆయన మొఖం ఎట్లయిందో నాకు ఇప్పటికి కనవడుతది. ముంగట అరలకెళ్లి బట్టల సబ్బు ముక్క తీసి, గొట్టానికి మెత్తి, తన తువ్వాల చింపి దాని చుట్టు గట్టిగ కట్టిండు. డ్రైవర్లందరు గట్లనే చేస్తుండ్రి అప్పుడు. "పోదామా, ఆగుదామా?" అని నన్ను అడిగిండు. లోపట రాచవ్వ గావుకేక వెట్టింది. ఇగ అడిగేటిది ఏముంది. నడిచినం.

ముంగట తొవ్వ మీద శనగ పరిచి ఉంది. ఈ దిక్కు కోతలప్పుడు రోడ్ల మీదనే పంట ఆరవోస్తరు, వచ్చిపోయే బండ్లు దాని మీదికెళ్లి పోతే గింజ రాలుతది, కళ్లం పని తప్పుతది. ఎండకు ఆ శనగ మండలు కరకరలాడుతున్నయి. తప్పిచ్చుకొని పోయేటందుకు పక్కకు జాగ లేదు. మా ఆయన మెల్లగ ఎక్కిచ్చిండు. కింద మండలు చుట్టుకుంట కరకరమని చప్పుడు. జరసేపటికి నాకు ఏంచిన శనగల వాసన వచ్చింది. కమ్మటి వాసన. ఎవలో పొయ్యి మీద పుట్నాలు ఏంచుతున్నరు అనుకున్న. చుట్టు చూస్తే ఇల్లు లేదు, పొయ్యి లేదు. కాళ్ల కింద వేడి తగిలింది. ఆ ఎండల మంట కనవడలే సూడు. పొగ గూడ మొదలు రాలే. గాలి వణికినట్టు కనవడ్డది, అంతే.

"దిగుండ్రి" అని మా ఆయన ఒర్లిండు. రాచవ్వను ఆయనే రెండు చేతుల మీద ఎత్తుకొని ఉరికి చింతచెట్టు కింద పండవెట్టిండు. అప్పటికి బండి కింద శనగ అంటుకుంది. ఇప్పుడు పొగ లేసింది, నల్లగ. అత్తను గుంజుకొస్తుంటే ఆ పొగ నా గొంతుల వోయింది. అది ఇంకా పోలే బిడ్డా, నా గొంతు గిట్ల అయింది ఆనాడే. ఆ పంట ఆసామి, ఆయన పెండ్లాం ఉరికొచ్చిండ్రు. ఏడాది కష్టం అంత ఆ తొవ్వ మీదనే ఉంది, బండి కాలితే అంత కాలుతది. ఆమె రొమ్ము కొట్టుకుంట, "నా పిల్లల నోట్ల మన్ను వడ్డదే" అని ఏడ్చింది. మా ఆయన ఆమె దిక్కు సూసిండు, శనగ దిక్కు సూసిండు. నేను చెయ్యి వట్టుకున్న. ఆయన ఇడిపిచ్చుకున్నడు. బండెక్కిండు. ఇంజను ఇంకా నడుస్తనే ఉంది. ఆ మంటతోనే బండిని పంట మీదికెళ్లి దాటిచ్చి, కల్వర్టు కాడి బోడ నేల మీదికి తీసుకపోయిండు. తలుపు తీసి దిగేటప్పటికి ట్యాంకు అంటుకుంది.

ఆయన నడుచుకుంటనే వచ్చిండు. మొదలు నేను ఆయన అనుకోలే. చెట్టు కింద అప్పుడే బిడ్డ ఏడ్చింది. దేవుడు ఎట్ల తిప్పిండో, ఆ కుదుపులకే తిరిగిందో, బిడ్డ సక్కగనే బయటవడ్డది. "రాచి మంచిగున్నదా?" అన్నడు. మంచిగనే ఉంది అన్న. "ఆడపిల్లనా?" అన్నడు. అవును అన్న. గట్లనే కూలవడ్డడు. ఆ ఆసామి ఎడ్ల బండి కట్టి మమ్ముల దవాఖానకు చేర్చిండు. వారం గూడ నిండకముందే మీ తాత పోయిండు.

మా మామ ఏడవలే. కర్మ అయినంక ఒకనాడు నా కాడికి వచ్చి, "కోడలా, ఆ మూత రబ్బరు యాడుందే?" అని అడిగిండు. పెండ కుప్పల పడేసిన అన్న. ఆ పెద్దమనిషి పోయి పెండ కుప్పల చేతులు పెట్టి దేవులాడిండు, ఎండల, పగటియాళ్లదాక. దొరకలే. ఆ తర్వాత ఎడ్లను వాళ్ల తమ్ముని ఇంటికి తోలిండు. బతికినన్ని దినాలు ఎవ్వలికి తన చేతితోని నీళ్లు గూడ పోసియ్యలే. మా అత్త ఆయనను తిట్టలే, నేను తిట్టలే. తిడితే జర తేలికయితుండెనేమో ఆయనకు.

ఇప్పుడు సూస్తే, అప్పుడు మాకు చెప్పేటివి ఎన్ని ఉండె. ఎడ్లు చెప్పినయి, కోళ్లు చెప్పినయి, నా చేతులు చెప్పినయి, రబ్బరు చెప్పింది. వాటికి నోరు లేదు కాబట్టి ఎవలికి తోచిన అర్థం వాళ్లు తీసుకున్నరు. ఇప్పటి బండికి అసలు మీరే నోరు పెట్టిండ్రు. లోపట చెడితే అదే బుగ్గ వెలిగిచ్చి, నాకు అరుగుతలేదు అని మొఖం మీద చెప్తుంది. మీ అన్న దాని నోటి మీద స్టిక్కరు అంటిచ్చిండు. మా మామ మొండోడే గని, ఆయనకు తాను చేసేటిది ప్రేమ అని నమ్మకం ఉండె. మహేశ్‌కు గా నమ్మకం గూడ లేదు, దోస్తుల ముంగట జోరు చూపెట్టాలె అంతే. ఇద్దరు అన్నది మాత్రం ఒక్కటే మాట, పులి లెక్క అని. నిజంగ జోరు పెరిగిందా అని పొద్దుగాల వాణ్ణి గట్టిగ అడిగిన. బుర్ర గోక్కొని, "నాకైతే గట్లనే అనిపిస్తుంది" అన్నడు. గొట్టాలు ఇప్పుడు గట్టియి వచ్చినయంట, అంత జల్దీ కరగయంట. నిజమే కావచ్చు. మరి ఆ బుగ్గ ఎందుకు వెలుగుతుందిరా అంటే, కింద పొగగొట్టం కాడ ఏదో జాలి ఉంటదంట, ఈ పెట్రోలుకు అది మూసుకపోతదంట, ఎర్రగ కాగుతదంట. చెప్పుకుంట చెప్పుకుంట వాడే ఆగిండు. బయట తొవ్వల మీద ఏం ఆరవోసి ఉన్నదో వానికెరుకనే.

ఆగు, ఫోన్ మోగుతుంది. మహేశ్‌దేనా? పెద్దగ పెట్టు, నాకు ఇనవడాలె.

"అమ్మమ్మా, అందుకున్న. నిజాంపేట దాటినంక."

"ఆపిండా?"

"ఆపిండు. నవ్విండు. మీ ముసలమ్మ కథలకు కిరాయి ఇడుస్తనా అన్నడు. వాని వ్యానుల గూడ బుగ్గ వెలుగుతుంది అమ్మమ్మా. ఇద్దరు పిల్లలు కక్కిండ్రు. బండిల పడక కక్కుతుండ్రు అంటడు."

"మరి?"

"నేను వానితోని లొల్లి పెట్టుకోలే. ఎనుక కూసున్న ఆడోళ్లకు చెప్పిన, నువ్వు నాకు చెప్పినట్టే. కంగ్టి పేరు చెప్పంగనే ఒక ముసలామె, ఆ కారు కాలింది మా మేనత్తోళ్ల శనగల కాడనే అన్నది. మూటలు తీసుకొని ఆమె దిగింది. ఆమెను సూసి అందరు దిగిండ్రు. తొవ్వ పక్కన కూసున్నరు. బస్సు ఎక్కిస్త వీళ్లను."

"సంతోష్?"

"కోపానికొచ్చిండు. నా నోటికాడి కిరాయి చెడగొట్టినవు అని తిట్టి, ఒట్టి బండి తోలుకొని పోయిండు. మస్తు జోరుగ పోయిండు అమ్మమ్మా. ఆపలేకపోయిన. నేను ఫోన్ కొడితే కట్ చేస్తుండు."

ఒక్కడే పోయిండు. బండిల ఎవ్వరు లేరు గదా అని నీ మొఖంల జర నిమ్మలం కనవడుతుంది స్వాతీ. నాకు రాలే. ఒట్టి బండి అన్నడు మీ అన్న, తోలేటోడు ఉన్నడు గద దాంట్ల.

"మహేశ్, వానికి పెండ్లయిందా?"

"అయింది. మొన్న ఎండాకాలంలనే."

"ఆ పిల్ల యాడుంటది?"

"సిర్గాపూర్‌ల. వాళ్ల అత్తోళ్ల కాడ."

రాసుడు ఆపు బిడ్డా. మీ అన్నను ఆ పిల్ల నంబరు అడుగు. మొగడు ఆమె ఫోన్ ఒక్కటి ఎత్తవచ్చు. ముందుగాల ఆ పిల్లకు నేనెవలో చెప్పి, ఎనుక ఫోన్ నాకియ్యి.